మ్యూనిక్‌లో దొరికిన ఫ్రెంచి కవచాలు: పాత సిరా చిత్రాల పుట్టుక తేల్చే పద్ధతి

మ్యూనిక్ నగరంలోని ప్రభుత్వ గ్రాఫిక్ సంగ్రహాలయంలో కవచాల సిరా చిత్రాల కట్ట ఒకటి ఉంది. నూటికి పైగా కాగితాలు. రొమ్ము పలకలు, భుజాల పలకలు, శిరస్త్రాణాలు, డాళ్లు, గుర్రం ముఖానికి తొడిగే రేకులు. గీత కలంతో వేసింది, నీడ కుంచెతో పులిమింది. ఖాళీ అన్నది లేకుండా తీగలు, తీగల సందుల్లో మనుషులు, బందీలు, వికృత ముఖాలు, తోలుపట్టీల్లా మెలికలు తిరిగిన అల్లికలు. ఎవరు వేశారో తేల్చి చెప్పే సంతకం మాత్రం లేదు.

1865లో యాకోబ్ హైన్‌రిఖ్ ఫాన్ హెఫ్నర్-ఆల్టెనెక్ వీటిలో కొన్నింటిని మ్యూనిక్‌లోనే ప్రచురించాడు. ఆ ప్రచురణ పేరును తెలుగులో చెప్పుకుంటే 'ఫ్రెంచి రాజుల వైభవ కవచాలకు జర్మన్ నిపుణులు వేసిన మూల నమూనాలు'. ఆ పేరులో సగం నిజం, సగం తప్పు. కవచాలు ఫ్రెంచి రాజులవే. వేసినవాళ్లు జర్మన్లు కారు. ఆ తప్పు దిద్దడానికి దాదాపు వందేళ్లు పట్టింది. కవచాల బొమ్మలు చేతికొచ్చిన ఎవరికైనా ఈ కేసు ముందు చదవాల్సిన పాఠం, ఎందుకంటే ఇప్పటికీ జరిగే పొరపాట్లు చాలావరకు ఇక్కడే ఉన్నాయి.

మొదటి తీర్పు ఎక్కడ జారింది

హెఫ్నర్-ఆల్టెనెక్ అల్లాటప్పా మనిషి కాడు. పాత దుస్తులు, ఆయుధాలు, లోహపు పనితనం మీద జీవితమంతా పనిచేసినవాడు. 1868లో బవేరియా జాతీయ మ్యూజియానికి డైరెక్టర్ అయ్యాడు. బొమ్మల్లోని చంద్రవంకలను, కిరీటం కింద ఉన్న హెచ్ అక్షరాన్ని చూసి అవి ఫ్రాన్స్ రాజు రెండవ హెన్రీ గుర్తులని సరిగ్గానే పట్టుకున్నాడు. హెన్రీ 1547 నుంచి 1559 దాకా ఏలాడు. చంద్రవంక అతని సొంత చిహ్నం. దానితో వచ్చే లాటిన్ వాక్యం 'డోనెక్ టోటుమ్ ఇంప్లేయట్ ఓర్బెమ్', అంటే వలయమంతా నిండేదాకా అని.

కాగితాలు మ్యూనిక్‌లో ఉన్నాయి. అక్కడే బవేరియా డ్యూక్ ఐదవ ఆల్బ్రెఖ్ట్ కొలువులో హాన్స్ మీలిఖ్ (1516–1573) అనే చిత్రకారుడు ఉన్నాడు. డచెస్ ఆనా నగలన్నింటినీ 1552–1555 మధ్య ఒక్కొక్కటిగా, రాయి రాయికీ మెరుపు తగ్గకుండా పుస్తకంలో చిత్రించింది అతనే. పక్కనే ఆగ్స్‌బర్గ్, కొంచెం దూరాన న్యూరెంబర్గ్, లాండ్స్‌హుట్, ఇన్స్‌బ్రుక్: యూరప్‌లో పేరున్న కవచ కర్మాగారాలు. లోహాన్ని అంత సన్నగా వేయగల చెయ్యి ఊళ్లోనే ఉంది, కవచాలు కొట్టే కొలిమీ పక్కనే ఉంది. ఆ చోట నిలబడి చూస్తే మీలిఖ్ పేరు రావడం సహజమే. అందుకే ఆ పేరూ, మరికొందరు దక్షిణ జర్మన్ చిత్రకారుల పేర్లూ అంటించాడు.

జారింది ఇక్కడే. బొమ్మ దొరికిన చోటును బొమ్మ పుట్టిన చోటుగా లెక్కేశాడు. కాగితం తేలికైన సరుకు. పెళ్లి కట్నంలో పోతుంది, రాయబారి సంచీలో పోతుంది, పని అయిపోయాక శిష్యుడు మూట కట్టుకుని వేరే ఊరు పోతాడు. ఇరవై నాలుగు కిలోల ఉక్కు కంటే నలభై గ్రాముల కాగితం ఎప్పుడూ ఎక్కువ దూరమే పోతుంది.

ఈ పనిలో 'ఇది ఎక్కడిది?' అన్న ప్రశ్న నిజానికి ఐదు ప్రశ్నలు. గీసింది ఎవరు? ఎవరి ఒంటి కోసం? లోహం కొట్టింది ఎవరు? కాగితం ఏ మిల్లుది? ఇప్పుడున్న చోటికి ఏ దారిన వచ్చింది? ఐదింటికీ ఒకే జవాబు రావాలని ఎక్కడా లేదు. ఒక దాని జవాబును ఇంకో దాని గడిలో వేస్తేనే 1865 నాటి పేరు పుడుతుంది.

దిద్దుబాటు ఎలా వచ్చింది

దిద్దినవాడు వియన్నా ఆయుధ సంగ్రహాలయంలో పనిచేసిన బ్రూనో థామస్. 1959–1965 మధ్య వియన్నా మ్యూజియం వార్షిక సంచికల్లో వరసగా రాసిన వ్యాసాల్లో మ్యూనిక్ కాగితాలను విడదీసి, గుంపులు కట్టి, ఉన్న కవచాలతో సరిపోల్చాడు. ప్రధానమైన చెయ్యి పారిస్‌కు చెందిన ఎతియెన్ డెలోన్‌దని (సుమారు 1518–1583) తేల్చాడు.

మొదటి ఆధారం సంతకం ఉన్న పని. డెలోన్ స్వర్ణకారుడు, పతకాలు చెక్కేవాడు. 1552లో కొద్దికాలం పారిస్ టంకశాలలో పనిచేశాడు. తర్వాత రాగిరేకు మీద చిన్న చిన్న ముద్రణ చిత్రాలు చెక్కాడు. చాలావాటి మీద 'స్టెఫానుస్' అని ఉంటుంది, అది ఎతియెన్‌కు లాటిన్ రూపం. కొన్ని మన బొటనవేలి గోరంత మేర కథలు. ఆ ముద్రణల్లో మనుషులకు తల చిన్నది, తొడలు పొడుగు, నడుము సన్నం. కండరాల మీద నీడ పొట్టి వంకర గీతలతో వస్తుంది, అడ్డగీతల జాలితో కాదు. నేపథ్యాన్ని ఒక వరసలో దట్టంగా నింపి బొమ్మను తెల్లగా ముందుకు తోస్తాడు. మ్యూనిక్ కాగితాల్లోని మంచి గుంపులో ఇవన్నీ కనిపిస్తాయి.

రెండోది ఉక్కు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1939లో కొన్న రెండవ హెన్రీ కవచం (సుమారు 1555 నాటిది) అలంకారానికి మ్యూనిక్ కాగితాల్లో నమూనాలు ఉన్నాయి. పారిస్ లూవ్ర్‌లో ఉన్న హెన్రీ కవచమూ ఈ సంబంధంలోనిదే. ఇలాంటి చోట పోలిక అంటే 'చూడటానికి ఒకేలా ఉంది' అనడం కాదు. తీగ ఎక్కడ చీలుతుంది, చీలిక లోపలి మనిషి ఏ చెయ్యి ఎత్తాడు, అంచు పట్టీలో ఎన్ని మెలికలున్నాయి అని లెక్కపెట్టాలి. బొమ్మకూ ఉక్కుకూ తేడాలు కూడా రాసుకోవాలి. కమ్మరి కొన్ని చోట్ల వదిలేస్తాడు, కొన్ని చోట్ల రివెట్టు అడ్డొచ్చి ఆకును జరుపుతాడు. ఆ తేడాలు బొమ్మ ముందుదా వెనకదా అని చెబుతాయి. బొమ్మలో ఉన్న ఆకు ఉక్కులో రివెట్టు కింద నలిగితే బొమ్మ ముందు పుట్టింది. బొమ్మలోనే రివెట్టు ఉండి ఆకు దాన్ని తప్పించుకుని పోతే, తయారైన కవచాన్ని చూసి వేసి ఉండొచ్చు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. డెలోన్ హ్యూగెనాట్, అంటే ఫ్రెంచి ప్రొటెస్టెంట్. 1572 సెయింట్ బార్తొలోమ్యూ ఊచకోత తర్వాత పారిస్ వదిలాడు. 1573లో స్ట్రాస్‌బర్గ్‌లో, 1576లో ఆగ్స్‌బర్గ్‌లో ఉన్నాడు. స్వర్ణకారుల పనిశాలను చూపే రెండు ముద్రణల మీద ఆగ్స్‌బర్గ్ పేరు, 1576 సంవత్సరం స్పష్టంగా ఉన్నాయి. ఈ సంగతి ఒక్కటే తెలిసినవాడు 'చూశారా, జర్మనీలోనే వేశాడు' అనేయగలడు. కానీ హెన్రీ 1559 జూన్‌లో బల్లేల పోటీలో గాయపడి జులైలో చనిపోయాడు. చచ్చిపోయిన రాజు కవచానికి పదిహేడేళ్ల తర్వాత నమూనాలు ఎవరూ వేయరు. చేతిని, కాలాన్ని, చిహ్నాన్ని కలిపి చదివితేనే ఈ ముడి విడుతుంది.

లోహం ప్రశ్న ఇంకా తమాషాగా తిరుగుతుంది. ఇదే శైలిలో పుట్టిన కవచాల్లో ఒకటి ఇప్పుడు డ్రెస్డెన్‌లో ఉంది. కొట్టింది బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ స్వర్ణకారుడు ఎలిసేయుస్ లిబెర్ట్స్. కొట్టించింది స్వీడన్ రాజు పద్నాలుగవ ఎరిక్. అలంకారం పోకడ పారిస్‌ది. ఉన్న చోటు జర్మనీలోని సాక్సనీ. నాలుగు దేశాలు ఒక ఉక్కు ఒంటి మీద. దాని తాలూకు కాగితం ఒకటి రేపు ఏ వేలంలోనో తేలితే, శీర్షికలో ఏ దేశం పేరు రాయాలి? అందుకే ఐదు గడులు విడివిడిగా ఉంచాలి.

డెలోన్ పేరుతో కథ ముగియలేదు కూడా. గత కొన్నేళ్ల పరిశోధనలో పారిస్ చిత్రకారుడు బాప్టిస్ట్ పెలెరాఁ వెలుగులోకి వచ్చాడు. ఇన్నాళ్లూ డెలోన్ ఖాతాలో ఉన్న చాలా చిత్రాలు అతని ఖాతాకు మారాయి. హెన్రీ కవచం నమూనాల్లో జాఁ కూజాఁ (పెద్ద) చెయ్యి కూడా ఉందని గుర్తించారు. అంటే ఒకే కవచానికి ముగ్గురు. రాజు కొలువులో గడువు దగ్గరపడినప్పుడు పని పంచుకోవడం మామూలే. కాబట్టి కట్ట మొత్తానికి ఒక పేరు పెట్టే అలవాటు మానాలి. ఒక్కో కాగితాన్ని వేరుగా చూడాలి, కాగితం ముందు వైపును, వెనక వైపును కూడా వేరుగా చూడాలి.

చేతిలోకి కాగితం వస్తే ముందు అడగాల్సింది

కాలం కాదు, చిత్రకారుడు కాదు. ఈ బొమ్మ ఎందుకు వేశారు? దానికి జవాబు దొరికితే మిగతా పని సగం తగ్గుతుంది. కవచాల సిరా చిత్రాలు స్థూలంగా కొన్ని అవసరాల కోసం పుట్టాయి, ప్రతి అవసరం కాగితం మీద వేరే ఆనవాలు వదులుతుంది.

కమ్మరికి ఇచ్చే పని నమూనా అయితే చాలామటుకు అసలు సైజులోనే ఉంటుంది. వంపు తిరిగిన పలకను చదునుగా విప్పి వేస్తారు. రొమ్ము పలక అంచులు చెవుల్లా బయటికి పరుచుకుంటాయి, భుజం పలక విసనకర్రలా విచ్చుకుంటుంది. ఒక వైపు నుంచి పడే వెలుతురు ఉండదు, నేల మీద నీడ ఉండదు. రెండు వైపులా ఒకేలా ఉండే పలకకు సగమే వేసి మధ్యగీత దగ్గర ఆపేస్తారు, లేదా కాగితం మడిచి సగాన్ని రెండో వైపుకు అచ్చేస్తారు. అందుకే మధ్యలో నిలువు మడత ఉందా అని చూడండి. గీతల వెంట సూదిపోట్లు, మొద్దు మొన నొక్కిన గాళ్లు, వెనక సుద్దపొడి రుద్దిన మరకలు ఉంటే లోహం మీదికి దించారన్నమాట. టార్చి లైటును కాగితానికి ఆనించి 10–15 డిగ్రీల కోణంలో పక్క నుంచి వేస్తే గాళ్లు పైకి తేలతాయి. నేరుగా వేస్తే ఏమీ కనబడదు.

రికార్డు కోసం వేసినవి వేరు. ఆగ్స్‌బర్గ్‌లో కవచాల మీద ఆమ్లంతో బొమ్మలు కొరికించే పని చేసిన చిన్న యోర్గ్ జోర్గ్ 1548–1563 మధ్య తాను చేసిన పనులను ఒక పుస్తకంలో వేసుకున్నాడు. అది ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లో ఉంది. కవచం పక్కనే ఎవరికి చేశారో, కవచం కొట్టినవాడు ఎవరో, ఏ ఏడాదో రాసి ఉంటుంది. లండన్ దగ్గర గ్రీనిచ్ రాజ కర్మాగారంలో 1576 నుంచి 1608 దాకా పెద్ద మేస్త్రీగా ఉన్న జేకబ్ హాల్డర్ పుస్తకం 1894లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి చేరింది. అందులో బొమ్మలన్నీ దాదాపు ఒకే నిలువు భంగిమలో ఉంటాయి, మీద రంగు పూత లోహపు మెరుగును చూపుతుంది, పైన సొంతదారు పేరు, వేరే కాగితం మీద మార్చుకునే అదనపు భాగాలు. ఒకే అచ్చు భంగిమ, పేరు, విడిభాగాల పట్టిక కలిసి కనిపిస్తే పనిశాల రికార్డు అనుకోండి.

మూడోది ఆశల పుస్తకం. మాంతువాకు చెందిన ఫిలిప్పో ఓర్సోని వేసిన ఆల్బమ్ (1554 తేదీతో) విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లోనే ఉంది. కవచాలు, కత్తి పిడులు, గుర్రపు జీనులు. ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు, వస్తే చేస్తాం అని చూపించేవి. వీటికి సరిపోయే ఉక్కు వెతుక్కుంటూ ఏళ్లు పోగొట్టుకోవద్దు, చాలావరకు అది ఎప్పుడూ పుట్టలేదు.

నాలుగోది పుస్తకం ముద్రణ కోసం వేసింది, ఐదోది పుస్తకం చూసి నకలు తీసింది. వేలాల్లో, పాత పుస్తకాల దుకాణాల్లో 'పురాతన కవచ చిత్రం' పేరుతో తిరిగేవి చాలావరకు ఈ రెండు రకాలే. వీటి సంగతి కింద విడిగా.

కవచాన్ని కవచంగా చదవడం

గీతల అందం చూసేవాళ్లు ఎక్కువ, పలకలు ఎలా కదులుతాయో చూసేవాళ్లు తక్కువ. తప్పుడు కాగితం ఎక్కువగా ఇక్కడే దొరికిపోతుంది.

బల్లెం ఆనించే కొక్కెం రొమ్ము పలక మీద తొడుక్కున్నవాడి కుడి వైపున ఉంటుంది, ఎందుకంటే బల్లెం కుడి చంకలో ఇరికించుకుంటారు. అదే కారణానికి కుడి భుజం పలకను చంక దగ్గర కోసి చిన్నది చేస్తారు. పోటీ కవచంలో అదనపు దళసరి రేకులు ఎడమ వైపున వేస్తారు, దెబ్బ తగిలేది అటే. ముఖం మూసే శిరస్త్రాణానికి మూత ఎత్తే చిన్న పిడి సాధారణంగా కుడి పక్కన ఉంటుంది. మీ కాగితంలో ఇవన్నీ ఎడమ కుడి తారుమారయితే మూడు కారణాల్లో ఏదో ఒకటి: రాగిరేకు మీద చెక్కడానికి వేసిన మూలం (ముద్రిస్తే తిరగబడి సరవుతుంది), తిరగబడ్డ ముద్రణను చూసి తీసిన నకలు, లేదా పలుచటి కాగితం ఒత్తి గీసిన బొమ్మ.

రివెట్లు లెక్కపెట్టండి. పలకల వరస వంగాలంటే లోపల తోలుపట్టీ ఉండాలి, లేదా రంధ్రం పొడుగ్గా ఉండి రివెట్టు జారాలి. కవచం చూసి వేసినవాడు రివెట్లను పలక చివర్ల దగ్గర, పొందికగా పెడతాడు. పుస్తకం చూసి వేసినవాడు అందానికి చుక్కలు పెడతాడు. మోచేతి పలక నిజంగా వంగుతుందా అని చేతితో ఊహించుకోండి. వంగదంటే, వేసినవాడు ఉక్కును చూడలేదు.

ఆకారం కాలానికి కింది హద్దు చెబుతుంది. నిలువు మడతల గాళ్లతో నిండిన పలకలు 16వ శతాబ్ది తొలి దశాబ్దాల జర్మన్ పోకడ. బఠాణీ కాయలా కడుపు కిందికి మొన సాగిన రొమ్ము పలక 1570ల తర్వాత ఫ్యాషన్. 1530 అని రాసిన కాగితంలో ఆ మొన ఉంటే, రాత అబద్ధం. కాగితం అబద్ధం కాకపోవచ్చు, ఎవరో తర్వాత రాసి ఉంటారు. పాత శీర్షికలను నమ్మకపోవడానికి మంచి సాక్ష్యం లండన్ టవర్ కోటలోని కవచాల ప్రదర్శనే. అక్కడ ఇంగ్లండు రాజుల కవచాల వరసలో తొలి రాజు విలియం కవచం అని శతాబ్దాల తర్వాతి ఉక్కును నిలబెట్టారు. ఇంగ్లీషు కవచాల పండితుడు సామ్యుయెల్ రష్ మేరిక్ 1820ల చివర్లో ఆ వరసను సవరించాడు. దానికి ముందు అక్కడికి వెళ్లి నిజాయితీగా వేసిన బొమ్మల కింద కూడా తప్పు పేర్లే ఉంటాయి.

చిహ్నాలు కొన్నవాడిని చెబుతాయి, గీసినవాడిని కాదు. చంద్రవంక హెన్రీది, అగ్నిలో సాలమాండర్ (బల్లిలాంటి జంతువు) ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్‌ది, రెండు స్తంభాలు చక్రవర్తి ఐదవ చార్లెస్‌వి. మెడలో పొట్టేలు తోలు వేలాడే హారం గోల్డెన్ ఫ్లీస్ అనే రాజవీరుల సంఘం సభ్యులది. ఇవి వేసే చెయ్యి ఏ ఊరిదైనా కావచ్చు. హెఫ్నర్-ఆల్టెనెక్‌కు ఈ సంగతి తెలుసు, అందుకే 'ఫ్రెంచి రాజులకు జర్మన్ నిపుణులు' అన్నాడు. తెలిసీ మొదటి గడిలో ఊహ రాశాడు.

కాగితం, సిరా: ఏది ఎంతవరకు నమ్మాలి

పనిముట్లు ఖరీదైనవి అక్కర్లేదు. 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం), యూఎస్‌బీ మైక్రోస్కోప్, పల్చటి ఎల్‌ఈడీ లైట్ షీటు, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, మిల్లీమీటర్ల స్కేలు. చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకుంటే చాలు. నూలు గ్లవుజులతో పలుచటి కాగితం అంచు పట్టు దొరక్క చిరుగుతుంది.

కాగితాన్ని లైట్ షీటు మీద పెడితే రెండు రకాల గీతలు కనబడతాయి: దగ్గర దగ్గరగా సన్నవి, వాటికి అడ్డంగా సుమారు 20–30 మిల్లీమీటర్ల దూరంలో పెద్దవి. అవి అచ్చు జల్లెడ తీగల ముద్రలు. ఆ గీతలేవీ లేక కాగితం మబ్బులా సమానంగా ఉంటే అది నేత జల్లెడ కాగితం. యూరప్‌లో అది 1757 ప్రాంతంలో జేమ్స్ వాట్‌మన్ దగ్గర మొదలైంది. డెలోన్ పేరుతో అలాంటి కాగితం వస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు. గీతలున్నంత మాత్రాన పాతదని కూడా కాదు, గీతల కాగితం ఈనాటికీ తయారవుతుంది. పాత పుస్తకాల ఖాళీ పేజీలు చింపి దాని మీద కొత్తగా వేసే మోసగాళ్లూ ఉన్నారు.

నీటిగుర్తు దొరికితే రెండు ఫోటోలు తీయండి, ఒకటి మామూలు వెలుతురులో, ఒకటి కింద నుంచి వెలుతురుతో. ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో రెండో దాని నుంచి మొదటిదాన్ని తీసేస్తే సిరా పోయి గుర్తు మిగులుతుంది. గుర్తు ఎత్తు, దానికి రెండు పక్కలా ఉన్న పెద్ద గీతల దూరం అర మిల్లీమీటరు దాకా కొలిచి రాయాలి. చార్ల్-మోయీజ్ బ్రికే 1907లో ప్రచురించిన సంకలనంలో 16,112 గుర్తులున్నాయి. అందులో 'పోలినది' దొరికితే గుర్తు రకం మాత్రమే తెలిసినట్టు. కొలతలతో సహా 'అదే' దొరికితేనే తేదీ గురించి మాట్లాడాలి, అదీ ఓ పదేళ్లు అటూ ఇటూ. ఫ్రాన్స్ కాగితం నెదర్లాండ్స్‌కూ, ఇతర దేశాలకూ విరివిగా ఎగుమతి అయ్యేది. కాబట్టి నీటిగుర్తు మిల్లును చెబుతుంది, చిత్రకారుడి ఇంటిని కాదు.

గోధుమ రంగు సిరా అంటే వెంటనే 'సెపియా' అని రాసేయడం అన్ని కేటలాగుల్లో కనిపించే జబ్బు. కటిల్ చేప నుంచి తీసే సెపియా చిత్రకారుల్లో వాడుకకు వచ్చింది 18వ శతాబ్ది చివర్లో. 16వ శతాబ్ది గోధుమ గీతలు చాలావరకు మాజుకాయ, ఇనుము కలిపిన సిరా. వేసినప్పుడు నల్లగా ఉండి కాలంతో గోధుమకు తిరుగుతుంది. గీత దట్టంగా ఉన్నచోట వెనక్కి దిగుతుంది, కాగితాన్ని కొరుకుతుంది, చుట్టూ లేత గోధుమ వలయం కడుతుంది. అతినీలలోహిత వెలుగులో ముదురుగా కనబడుతుంది. పరారుణ కిరణాల్లో తేలిపోతుంది, బొగ్గుమసి సిరా మాత్రం నల్లగానే నిలబడుతుంది. అనుమానం ఉంటే బాథోఫెనాంత్రొలిన్ పూసిన పట్టీ తడిపి, నీరు తుడిచి, గీతకు తాకిస్తారు. ఇనుము ఉంటే పట్టీ గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. ఇది కన్సర్వేటర్ (పాత కాగితాల సంరక్షణ నిపుణుడు) చేతుల్లో జరగాల్సిన పరీక్ష. ఇంట్లో నీటిచుక్కతో ప్రయోగం చేస్తే మరక శాశ్వతం.

కలం కూడా మాట్లాడుతుంది. ఈకతో గీస్తే గీత నిండుగా, మెత్తగా ఉబ్బుతుంది. ఉక్కు పాళీతో నొక్కితే చీలిక విడి కాగితం మీద రెండు సన్నని సమాంతర గాళ్లు పడతాయి, 50 రెట్ల దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. ఉక్కు పాళీలు బర్మింగ్‌హామ్‌లో గుట్టలుగా తయారైంది 1820ల నుంచి. సిరా కింద బూడిదరంగు మెరిసే పెన్సిల్ గీత ఉంటే ఇంకా జాగ్రత్త, 1550ల పారిస్‌లో అడుగు గీతకు నల్లసుద్ద లేదా సీసపు మొన వాడేవారు.

పుస్తకాల నీడలో పుట్టినవి

ఫ్రాన్సిస్ గ్రోస్ కవచాల గ్రంథం 1786 ప్రాంతంలో, మేరిక్ గ్రంథం 1824లో, మేరిక్ సేకరణ మీద జోసెఫ్ స్కెల్టన్ చెక్కిన రెండు సంపుటాలు 1830లో, ఫ్రాన్స్‌లో వియోలే-ల-డ్యూక్ గృహోపకరణాల నిఘంటువు 1858–1875 మధ్య, లైప్‌జిగ్‌లో బోహైమ్ చేతిపుస్తకం 1890లో వచ్చాయి. బడి పిల్లల నుంచి నాటక దుస్తుల కళాకారుల దాకా వీటిని చూసి వేశారు. మీ కాగితాన్ని ముందు వీటితో సరిపోల్చండి. అన్నీ స్కాన్ రూపంలో ఉచితంగా దొరుకుతాయి. భంగిమ, విరిగిన అంచు, పక్కన పడేసిన చేతి తొడుగు ఒకేలా ఉంటే ఇక వెతుకులాట ఆపేయొచ్చు.

1870ల తర్వాత ఫోటో పద్ధతిలో లైన్ బ్లాకులు (గీత బొమ్మలు ముద్రించే లోహపు అచ్చులు) వచ్చాయి. బ్లాకు కోసం వేసిన బొమ్మను గుర్తించడం తేలిక. నున్నటి దళసరి అట్ట, గట్టి నల్ల సిరా, పొరపాట్ల మీద తెల్లరంగు పూత, అచ్చయ్యే సైజు కంటే పెద్దది, అంచున ఎంతకు కుదించాలో రాసిన అంకెలు. నీలి పెన్సిల్ గుర్తులు ఉంటాయి, ఆనాటి ఫోటో ప్లేటుకు నీలం ఆనేది కాదు. ఇవి నకలీలు కావు. ఒక కాలపు నిజాయితీ గల పని, వాటి విలువ వాటిది. కాకపోతే 16వ శతాబ్దం అని అమ్మకూడదు.

మన దేశపు కవచాల బొమ్మలకూ ఇదే సూత్రం. నాలుగు పలకల చార్‌ఆయినా, గొలుసు అల్లిక జిరా, ముక్కుపట్టీ ఉన్న టోపీ అంకెలతో సహా ఒకే కాగితం మీద వరసగా కనిపిస్తే, ముందు బ్లాక్‌మన్ 1873లో ఇంగ్లీషులోకి తెచ్చిన ఐన్-ఇ-అక్బరీ ఆయుధాల ప్లేట్లు, తర్వాత 1880లో ఎగర్టన్ వేసిన భారతీయ ఆయుధాల పుస్తకం తెరవండి. ఉక్కు చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది ఉంది. ఉక్కు మీద బంగారు తీగ తాపిన కోఫ్త్‌గరీ పనిని సిరా గీతలో ఎలా చూపాలో తెలియక చాలామంది చిత్రకారులు దాన్ని బిద్రీలా నల్ల నేల మీద తెల్ల పువ్వులుగా వేశారు. ఆ పొరపాటు ఎవరి దగ్గర మొదలైందో పట్టుకుంటే నకళ్ల వంశవృక్షం దొరుకుతుంది.

వెనక వైపును చివరికి వదలొద్దు. నాలుగు మూలల జిగురు మరకలు ఆల్బమ్‌లో ఉందని, ఒకే అంచున చిరుగు పుస్తకం నుంచి తీశారని చెబుతాయి. చిన్న ముద్ర కనిపిస్తే ఫ్రిట్స్ లుగ్ట్ 1921లో, 1956 అనుబంధంలో సేకరించిన సేకర్తల ముద్రల జాబితా చూడండి, అది ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం. ఐదో గడి నిండేది ఎక్కువగా ఇక్కడి నుంచే.

శీర్షిక రాయడం

మాటలు తూచి వాడాలి. ఫలానావారి సంతకమో పత్రమో ఉంటేనే పేరు ఒంటరిగా రాయాలి. చెయ్యి కలిసి, పత్రం లేకపోతే 'ఆపాదితం'. పనిశాలలో ఎవరో వేశారనిపిస్తే 'పనిశాల'. అదే కాలపు పోకడ మాత్రమే ఉంటే 'వలయం'. తర్వాతి కాలం వాళ్లు వేస్తే 'శైలిలో'. ముద్రణ చూసి వేస్తే 'నమూనా ఆధారంగా'. ఈ పద్ధతిలో మ్యూనిక్ కట్టలోని మంచి గుంపు కాగితం ఒకదానికి ఇలా రాయొచ్చు: గీసినది, ఎతియెన్ డెలోన్‌కు ఆపాదితం, పారిస్, సుమారు 1555. ఎవరి కోసం, ఫ్రాన్స్ రాజు రెండవ హెన్రీ, చంద్రవంక చిహ్నం ఆధారంగా. ప్రయోజనం, రొమ్ము పలకకు అసలు సైజు పని నమూనా. లోహం, న్యూయార్క్ కవచంతో సరిపోలిక, తేడాలు విడిగా నమోదు. ఉన్న చోటు, మ్యూనిక్. పాత ఆపాదన, హాన్స్ మీలిఖ్ (హెఫ్నర్-ఆల్టెనెక్, 1865), ఇప్పుడు చెల్లదు. ఆ చివరి మాటను కొట్టేయకుండా ఉంచాలి, పాత ఫోటోల కింద ఆ పేరే చూసి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.